రెజ్యూమె ఏ పద్ధతిలో రాయాలి, కవర్ లెటర్ కావాలా వద్దా: ఎవరికి ఏది నప్పుతుంది

ఉద్యోగ ప్రకటన కనబడగానే చాలామంది చేసే మొదటి పని టెంప్లేట్ల వేట. ఏ రంగు బాగుంటుంది, ఎడమవైపు పట్టీ ఉండాలా, స్కిల్స్ పక్కన నక్షత్రాలు పెట్టాలా అనుకుంటూ ఓ సాయంత్రం గడిచిపోతుంది. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినది ఒకటుంది. మీ రెజ్యూమె తెరిచిన మనిషికి మీ మీద వచ్చే మొదటి అనుమానం ఏమిటి? "అనుభవం సరిపోతుందా?" అనా, "మధ్యలో రెండేళ్లు ఖాళీ ఎందుకుంది?" అనా, "ఆ రంగం వదిలేసి ఇటెందుకు వస్తున్నారు?" అనా? ఏ ఫార్మాట్ తీసుకోవాలి, ఒక పేజీయా రెండా, కవర్ లెటర్ (రెజ్యూమెతో పాటు పంపే లేఖ) రాయాలా మానాలా అన్నవన్నీ ఆ అనుమానాన్ని బట్టి మారతాయి. కింది ఎంపికలన్నిటినీ ఆ ఒక్క ప్రశ్నతోనే తూచి చెబుతున్నాను.

మూడు ఫార్మాట్లు

మొదటిది రివర్స్ క్రోనలాజికల్. ఇప్పటి ఉద్యోగం పైన, పాతవి కింద. రెండోది ఫంక్షనల్. ఇందులో నైపుణ్యాల పేర్లే శీర్షికలుగా ఉంటాయి, చేసిన పనులన్నీ వాటి కింద సర్దుతారు, కంపెనీల పేర్లూ తేదీలూ చివర్లో ఓ మూల ఉంటాయి. మూడోది ఈ రెండూ కలిసిన హైబ్రిడ్.

ఒకే రంగంలో మెట్టు మెట్టుగా పైకి వచ్చినవారికి మొదటిదే సరి. చదివేవారు ముందుగా వెతికేది మీరు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, ఏ హోదాలో, ఎప్పటినుంచి అన్నవే. ఈ ఫార్మాట్‌లో అవి వెతుక్కోకుండానే దొరుకుతాయి. అనుమానం పెద్దగా లేని చోట కొత్త ప్రయోగం చేస్తే లేని అనుమానం పుడుతుంది.

ఫంక్షనల్ గురించి నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. విరామం ఉన్నవారికి, రంగం మారేవారికి ఇదే మంచిదని సలహాలు చాలాచోట్ల కనిపిస్తాయి. కానీ రెజ్యూమెలు రోజూ చూసేవారికి ఈ ఫార్మాట్ ఎవరు, ఎందుకు వాడతారో బాగా తెలుసు. తేదీలు కిందికి నెట్టారంటే వాళ్ల చూపు ముందు తేదీల మీదికే పోతుంది. పైగా "టీమ్‌ను నడిపించాను" అని రాసి ఉంటే అది ఏ కంపెనీలో, ఏ కాలంలో, ఎంతమందిని అన్నది తెలియదు. దరఖాస్తులను చదివి గడుల్లో సర్దే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే ఇబ్బంది, ఎందుకంటే అది పనిని ఉద్యోగానికి, ఉద్యోగాన్ని తేదీకి ముడిపెట్టి చూసేలా తయారైంది. చిన్న చిన్న ప్రాజెక్టులు లెక్కలేనన్ని చేసిన ఫ్రీలాన్సర్లకు ఇది కొంత పనికొస్తుందంటారు. వాళ్లకైనా "స్వతంత్ర డిజైనర్, 2018 నుంచి ఇప్పటివరకు" అని ఒకే శీర్షిక పెట్టి, దాని కింద ముఖ్యమైన ప్రాజెక్టులు నాలుగు రాయడమే మేలని నా లెక్క.

అసలు పోటీ మొదటిదానికీ హైబ్రిడ్‌కీ మధ్యే. రంగం మారేవారికి హైబ్రిడ్ ఎంత తేడా తెస్తుందో ఒక ఉదాహరణ చూడండి. పదేళ్లు స్కూల్లో సైన్స్ చెప్పిన టీచర్ ఒకరు, కంపెనీల్లో ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే పోస్టుకు దరఖాస్తు చేస్తున్నారు. మామూలు వరుసలో రాస్తే మొదటి పంక్తిలోనే "సైన్స్ టీచర్" అని కనబడుతుంది, చదివే మనిషి "మనకు కావాల్సింది టీచర్ కాదుగా" అనుకుంటారు. హైబ్రిడ్‌లో పేరు కిందనే మూడు నాలుగు పంక్తుల భాగం వస్తుంది. కొత్త పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు తోటి ఉపాధ్యాయులకు వర్క్‌షాప్‌లు నడిపారు, వీడియో పాఠాలు తయారుచేశారు, పరీక్షా ఫలితాలను చూసి పాఠం తీరు మార్చారు. ప్రతి పంక్తి చివర అది ఎక్కడ, ఏ సంవత్సరం అన్నది కూడా ఉంటుంది. దాని కింద మామూలు వరుసలో ఉద్యోగాలు, తేదీలతో సహా. ఇక్కడ దాచినది ఏమీ లేదు. చదివేవారి మొదటి ప్రశ్న "ఈ పని చేయగలరా?" కాబట్టి దాని జవాబు పైకి వచ్చింది, అంతే.

విరామం ఉన్నవారికి మాత్రం ఫార్మాట్ మార్చాల్సిన పనే లేదు. వరుసలోనే దానికీ ఒక చోటు ఇవ్వండి: "2021–2023, కుటుంబ సభ్యుల సంరక్షణ కోసం విరామం." అంతకు మించి వివరణ అక్కర్లేదు. ఆ కాలంలో కోర్సు చేసి ఉంటే ఒక పంక్తి కలపండి, చేయకపోతే లేనిది పుట్టించకండి. లింక్డిన్ 2022లో కెరీర్ విరామాన్ని ప్రొఫైల్‌లో విడిగా చూపించే సదుపాయం తెచ్చింది, అంటే ఇది దాచుకోవాల్సిన విషయం కాదన్న ఆలోచన మెల్లగా స్థిరపడుతోంది. నెలలు తీసేసి సంవత్సరాలు మాత్రమే రాసి ఖాళీని కప్పేయాలని కొందరు చూస్తారు. ఇంటర్వ్యూలో నెలలు అడుగుతారు, అప్పుడు నీళ్లు నమలాల్సి వస్తుంది.

సీవీ అడిగితే?

ఇక్కడ దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. బ్రిటన్, ఐర్లాండ్ వంటి చోట్ల సీవీ అంటే మామూలు రెజ్యూమెయే, సాధారణంగా రెండు పేజీలు. అమెరికాలో సీవీ అంటే పరిశోధన, బోధన రంగాల్లో వాడే పెద్ద పత్రం. పేపర్లు, సదస్సులు, గ్రాంట్లు అన్నీ వస్తాయి కాబట్టి ఎన్ని పేజీలైనా కావచ్చు. యూరప్‌లో యూరోపాస్ అనే ఉమ్మడి నమూనా 2005 నుంచి ఉంది, 2020లో దాన్ని కొత్త వేదికగా మార్చారు. ప్రకటనలో యూరోపాస్ అని అడిగితే అదే ఇవ్వండి. అడగనప్పుడు మాత్రం మామూలు రెజ్యూమెకే నా ఓటు, ఎందుకంటే అందరిదీ ఒకేలా కనిపించే ఆ నమూనాలో మీ బలం పైకి తేవడం కష్టం.

అందమైన డిజైనా, సాదా పత్రమా

ఏటీఎస్ అనే మాట వినగానే చాలామందికి టెన్షన్. దరఖాస్తులను నిలవ చేసి వెతకడానికి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్ అది. వర్క్‌డే, గ్రీన్‌హౌస్, టాలియో లాంటివి ఈ కోవలోవే. ఫాంట్ నచ్చక మీ రెజ్యూమెను యంత్రం చెత్తబుట్టలో పడేస్తుందన్న ప్రచారంలో భయం పాలే ఎక్కువ. మామూలుగా జరిగేది ఇది: సాఫ్ట్‌వేర్ మీ ఫైల్లోంచి అక్షరాలు లాగి పేరు, ఉద్యోగాలు, తేదీలు, చదువు అనే గడుల్లో నింపుతుంది. తర్వాత మనిషి వచ్చి వాటిలో వెతుకుతారు, కొన్నిచోట్ల సాఫ్ట్‌వేరే ప్రకటనతో పోల్చి వరుస కూడా పెడుతుంది. నిజంగా ఆటోమేటిక్‌గా తిరస్కరించేది ఎక్కువగా దరఖాస్తు ఫారంలో అడిగే ప్రశ్నలు: పని చేసే అనుమతి ఉందా, ఫలానా లైసెన్సు ఉందా లాంటివి. వాటికి తొందరలో తప్పు గడి నొక్కితే రెజ్యూమె ఎంత బాగున్నా లాభం లేదు.

అలాగని డిజైన్‌తో చిక్కు లేదని కాదు. రెండు కాలమ్‌ల టెంప్లేట్లలో అక్షరాలు లాగేటప్పుడు ఎడమ పంక్తీ కుడి పంక్తీ కలగలిసిపోవచ్చు. ఫోన్ నంబరు పేజీ హెడర్‌లో పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని అసలు చదవవు. పరీక్షించడానికి డబ్బు కట్టే సైట్లు అక్కర్లేదు. మీ పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ వరుస తప్పకుండా చదవగలిగితే చాలావరకు గండం గడిచినట్టే.

మనిషి కంటికీ సాదా పత్రమే హాయి. అమెరికాలోని ది లాడర్స్ అనే ఉద్యోగాల సైటు 2018లో కంటి కదలికలను గమనించే పరికరంతో చేసిన పరిశీలనలో రిక్రూటర్ల తొలి చూపు సగటున 7.4 సెకన్లు అని తేలింది. అదే సంస్థ 2012లో చేసినప్పుడు 6 సెకన్లు. ఒక సైటు చేసిన పరిశీలనే కాబట్టి ఆ అంకెను వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. కానీ అంత తక్కువ సమయంలో కన్ను హోదాల మీద, శీర్షికల మీదే ఆగుతుందన్నది రెజ్యూమెలు చూసే ఎవరైనా ఒప్పుకుంటారు. "ఎక్సెల్ 80 శాతం" అని చూపించే పట్టీలు ఎవరికీ ఏమీ చెప్పవు. దేనిలో 80 శాతం?

గ్రాఫిక్ డిజైనర్ల సంగతి వేరు కదా అంటారు. వాళ్ల ప్రతిభ చూపించడానికి పోర్ట్‌ఫోలియో లింకు ఉంది. పోర్టల్‌లో అప్‌లోడ్ చేసేది సాదాగానే ఉంచి, నేరుగా మనిషికి పంపేటప్పుడు అందమైనది పంపితే సరిపోతుంది.

ఫైల్ విషయం రెండు ముక్కల్లో: ప్రకటనలో వర్డ్ ఫైల్ కావాలంటే వర్డ్, లేకపోతే పీడీఎఫ్. పీడీఎఫ్‌లో మీ అమరిక ఎక్కడ తెరిచినా చెదరదు. స్కాన్ చేసిన బొమ్మను పీడీఎఫ్ చేసి పంపకండి, అందులో లాగడానికి అక్షరాలే ఉండవు.

బాధ్యతలు రాయాలా, ఫలితాలు రాయాలా

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. ఫార్మాట్ తప్పైనా పంక్తులు గట్టిగా ఉంటే ఇంటర్వ్యూకి పిలుపు రావచ్చు, పంక్తులు నీరసంగా ఉంటే ఏ ఫార్మాటూ కాపాడదు. గూగుల్‌లో మానవ వనరుల విభాగాన్ని నడిపిన లాజ్లో బాక్ 2014లో ఒక సూత్రం చెప్పారు: ఏం సాధించారు, దాన్ని ఏ కొలతతో చూపగలరు, ఏం చేసి సాధించారు, ఈ మూడూ ఒక పంక్తిలో ఉండాలని. సూత్రం మంచిదే కానీ దాన్ని పట్టుకుని ప్రతి పంక్తికీ ఒక శాతం తగిలించేవారు ఎక్కువయ్యారు. "పనితీరు 37 శాతం మెరుగుపరిచాను" అని రాస్తే ఎదుటివారు అడిగేది ఒకటే: ఎలా లెక్కపెట్టారు?

కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసిన ఒకరి పంక్తిని మూడు రకాలుగా చూద్దాం.

"కస్టమర్ల ఫిర్యాదులు పరిష్కరించే బాధ్యత." ఇది ఉద్యోగ వివరణ, ఆ సీట్లో ఎవరు కూర్చున్నా ఇదే రాస్తారు.

"రోజుకు సుమారు 40 ఫిర్యాదులు పరిష్కరించాను." పని పరిమాణం తెలిసింది. పరవాలేదు.

"రోజుకు సుమారు 40 ఫిర్యాదులు చూస్తూ, మళ్లీ మళ్లీ వచ్చే పది సమస్యలకు జవాబుల పత్రం తయారుచేశాను. కొత్తగా చేరినవారి శిక్షణకు ఇప్పుడు దాన్నే వాడుతున్నారు." ఇందులో శాతం ఒక్కటీ లేదు. అయినా ఈ మనిషి అప్పగించిన పని దాటి ఆలోచిస్తారని, తను చేసినది ఇంకొకరికి పనికొచ్చిందని అర్థమైంది.

అంకెలు దొరకనివారు ఇలా వెతుక్కోవచ్చు: మీరు చేరకముందు ఎలా ఉండేది, తర్వాత ఏం మారింది? మీరు చేసినది ఎవరు వాడుతున్నారు? ఏ తలనొప్పి ఆగిపోయింది? నెలాఖరు నివేదిక ఒకప్పుడు మూడు రోజులు పట్టి ఇప్పుడు ఒక రోజులో అయిపోతుంటే అదే మీ కొలత. కొత్తగా చదువు పూర్తిచేసినవారు ప్రాజెక్టుల విషయంలో ఇదే చేయాలి. ప్రాజెక్టు పేరు, వాడిన టెక్నాలజీల జాబితా రాసి వదిలేయకుండా, నలుగురి బృందంలో మీ చేతి పని ఏది అన్నది చెప్పండి. ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే.

పైన ఆబ్జెక్టివ్ (మీరేం కోరుకుంటున్నారో) రాయాలా, సమ్మరీ (ఇప్పటివరకు ఏం చేశారో క్లుప్తంగా) రాయాలా అన్నది ఈ పంక్తులు కుదిరాక చూసుకోవచ్చు. "సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను వినియోగించి సంస్థ అభివృద్ధికి తోడ్పడటం" అనే ఆబ్జెక్టివ్ ఇంకా బతికే ఉంది పాపం. తీసేస్తే పోయేదేమీ లేదు, రెండు పంక్తుల చోటు మిగులుతుంది. రంగం మారేవారికి, అనుభవం బాగా ఉన్నవారికి మూడు పంక్తుల సమ్మరీ ఉపయోగం. కొత్తవారికి రెండూ అక్కర్లేదు.

ఒకటే పంపాలా, ప్రతిదానికీ మార్చాలా

ఒకే రెజ్యూమె వంద చోట్లకు పంపితే ఎక్కడో ఒకచోట తగులుతుందన్న లెక్కకు కొంత బలం ఉంది. ఒకే రకం పోస్టులు చాలా ఉన్నప్పుడు, మీ అనుభవం వాటికి సూటిగా సరిపోయేటప్పుడు మార్చడం మీద గంటలు పెట్టడం వృథా. కానీ రంగం మారేవారికి, పోటీ ఎక్కువున్న పోస్టులకు ఆ పద్ధతి సాగదు.

మధ్యే మార్గం ఒకటుంది, నేను సిఫారసు చేసేది అదే. ఎవరికీ పంపని పెద్ద ఫైలు ఒకటి పెట్టుకోండి. చేసిన ప్రతి పనీ, ప్రతి ప్రాజెక్టూ, ప్రతి కొలతా అందులో రాసి పెట్టండి. ఎన్ని పేజీలైనా పరవాలేదు. ప్రకటన వచ్చినప్పుడు అందులోంచి ఏరుకుని పైభాగాన్ని మాత్రం మార్చండి: సమ్మరీ, తాజా ఉద్యోగం కింద మొదటి మూడు పంక్తులు, నైపుణ్యాల వరుస. కింది సగం ముట్టుకోనక్కర్లేదు. ప్రకటనలో "బడ్జెట్ ప్లానింగ్" అని ఉండి మీరు "ఖర్చుల అంచనా" అని రాసి ఉంటే, రెండూ ఒకే పని అయినప్పుడు వాళ్ల మాటే వాడండి. వెతికేవారు వాళ్ల మాటతోనే వెతుకుతారు.

ప్రకటనలోని మాటలన్నీ తెల్ల రంగు అక్షరాలతో కనబడకుండా పెట్టే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. సాఫ్ట్‌వేర్ లాగిన పాఠంలో తెలుపూ నలుపూ తేడా ఉండదు, మీరు దాచినదంతా రిక్రూటర్ తెర మీద కనిపిస్తుంది.

పేజీల సంగతి, ఫొటో సంగతి

పదేళ్ల లోపు అనుభవానికి ఒక పేజీ చాలు. ఆపైన రెండు. రెండో పేజీలో నాలుగు పంక్తులే మిగిలితే మొదటి పేజీలోంచి నాలుగు తీసేయండి. అక్షరాల సైజు 10 కంటే తగ్గించి ఇరికించడం మాత్రం వద్దు.

ఫొటో, పుట్టిన తేదీ, వివాహ స్థితి అడిగితే తప్ప పెట్టకండి. అమెరికా, బ్రిటన్‌లలో ఫొటో పెట్టడమే వింతగా చూస్తారు. జర్మనీలో ఆ అలవాటు ఇంకా ఉన్నా, 2006లో వచ్చిన సమాన అవకాశాల చట్టం తర్వాత అది తప్పనిసరి కాదు. ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఆర్థికవేత్తలు మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ బోస్టన్, షికాగో నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు కల్పిత రెజ్యూమెలు పంపి, పేర్లు మాత్రం మార్చి చూశారు. 2004లో అచ్చైన ఆ అధ్యయనంలో తెల్లజాతివారివిగా అనిపించే పేర్లకు, నల్లజాతివారివిగా అనిపించే పేర్లకంటే సుమారు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. పేరు దాచలేం. మిగతా వివరాలు మన చేతిలోనే ఉన్నాయి.

కవర్ లెటర్: ఎప్పుడు రాయాలి, ఎప్పుడు మానాలి

ప్రకటనలో అడిగితే రాయాలి. అడగకపోయినా నాలుగు సందర్భాల్లో దీని విలువ ఎక్కువ: రంగం మారుతున్నప్పుడు, పెద్ద విరామం తర్వాత వస్తున్నప్పుడు, వేరే ఊరికి గానీ దేశానికి గానీ మారడానికి సిద్ధమై ఉన్నప్పుడు, ఆ సంస్థలో ఒకరు మీ పేరు సూచించినప్పుడు. ఈ నాలుగింటిలోనూ రెజ్యూమె చెప్పలేని "ఎందుకు" ఒకటుంది. చిన్న సంస్థల్లో లేఖ చదివే మనిషే నిర్ణయం తీసుకునే మనిషి కూడా కావచ్చు, అక్కడ కూడా రాయడం మేలు.

పోర్టల్‌లో లేఖకు చోటే లేకపోతే, లేదా మీ అనుభవం పోస్టుకు అచ్చంగా సరిపోతుంటే, ఆ సమయం రెజ్యూమె పైభాగం మీద పెట్టండి. కంపెనీ పేరు మాత్రం మార్చి అందరికీ పంపే లేఖ కంటే లేఖ లేకపోవడం నయం. పేరు మార్చడం మరిచిపోతే ఇక చెప్పేదేముంది.

ఉద్యోగం కోరుతూ రాసిన లేఖల్లో పేరున్నది లియొనార్డో డా విన్చీ సుమారు 1482లో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు రాసుకున్నది. యుద్ధాల మధ్య ఉన్న పాలకుడికి కావాల్సినవేమిటో ఆయనకు తెలుసు. అందుకే మోసుకుపోగల వంతెనలు, కోటల ముట్టడికి పనికొచ్చే యంత్రాలు, ఫిరంగులు అంటూ ఒక్కొక్కటే చెప్పుకొచ్చి, శిల్పం, చిత్రలేఖనం కూడా వచ్చునని చివర్లో రాశాడు. మనం అనుకునే గొప్పదనానికీ ఎదుటివారి అవసరానికీ తేడా ఉంటుంది. లేఖ మొదలు కావాల్సింది రెండోదానితో.

"మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పనిచేయడం నా కల" అన్న మొదలుకీ, "మీ ప్రకటనలో కొత్త బ్రాంచీల సిబ్బందికి శిక్షణ అని చూశాను, గత రెండేళ్లు నేను చేసిన పని అదే" అన్న మొదలుకీ పోలికే లేదు. రెండో పేరాలో ఒక్క ఉదాహరణ తీసుకుని రెజ్యూమెలో పట్టని వివరం చెప్పండి: సమస్య ఏమిటి, మీరేం చేశారు, ఏమైంది. మూడో పేరాలో వాళ్లకు రాగల అనుమానానికి జవాబు, ఎప్పటినుంచి చేరగలరో. మొత్తం అర పేజీ, మహా అయితే ముప్పావు.

ఏఐతో రాయించుకోవచ్చా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక తప్పుల్లేని లేఖ ఎవరైనా పంపగలరు, కాబట్టి తప్పుల్లేకపోవడం ఇప్పుడు ప్రత్యేకత కాదు. ఒకే ప్రకటనకు వచ్చిన లేఖలన్నీ ఒకే గొంతుతో ఉత్సాహపడుతుంటే చదివేవారికి విసుగు. మీరు రాసినది దానికిచ్చి "ఎక్కడ అస్పష్టంగా ఉంది, చదివేవారికి ఏ అనుమానం వస్తుంది" అని అడగండి, అది బాగా చేస్తుంది. మీకు భాష మీద పట్టు లేకపోతే వ్యాకరణం సరిచేయించుకోండి. మీరు చేయని పనిని అది కలిపిందేమో మాత్రం పంక్తి పంక్తీ చూసుకోవాలి.

చివరగా, ఈమెయిల్‌లో పంపేటప్పుడు లేఖను అటాచ్ చేయాలా, మెయిల్‌లోనే రాయాలా? ప్రకటనలో విడిగా అడిగితే అటాచ్ చేసి, మెయిల్‌లో మూడు పంక్తులతో సరిపెట్టండి. అడగకపోతే లేఖనే కుదించి మెయిల్‌లో రాయండి, చదవడానికి ఇంకో ఫైలు తెరిచే ఓపిక అందరికీ ఉండదు. సబ్జెక్టులో పోస్టు పేరు, ప్రకటనలో ఉంటే దాని నంబరు, మీ పేరు ఉండాలి. ఫైలు పేరులో కూడా మీ పేరుండాలి. "రెజ్యూమె ఫైనల్ కొత్తది 3" అని పంపితే డౌన్‌లోడ్ చేసుకున్నవారు రేపు వెతుక్కోవడానికి అది ఎవరిదో తెలియదు.